బండి నీది, లోడు మాది

వారమంతా కంటైనర్లు లాగిన మనిషి చేతికి 67 సెంట్లు వచ్చాయి. డాలరు కూడా నిండలేదు. అమెరికాలో లాస్ ఏంజెలెస్ రేవు దగ్గర లారీ నడిపిన ఒక డ్రైవరు సంగతి ఇది. రోజుకు పదహారు గంటలు దాటి స్టీరింగు పట్టుకునేవాడు. రాత్రి ఇల్లు చేరే వీల్లేక కంపెనీ ఆవరణలోనే, క్యాబిన్ వెనక భాగంలో పడుకునేవాడు. 2013 అక్టోబరులో బండి చెడిపోయింది. రిపేరు చేయించడానికి ఆయన దగ్గర డబ్బు లేదు. కంపెనీ ఆయన్ను తీసేసి బండి ఉంచుకుంది. ఆ బండి తనదవుతుందన్న ఆశతో ఆయన అప్పటిదాకా కట్టిన 78 వేల డాలర్లు కూడా దాంతోనే పోయాయి. 'యూఎస్ఏ టుడే' పత్రిక ఏడాది పాటు తవ్వి 2017లో ప్రచురించిన కథనాల్లో ఇదొకటి.

అప్పు చేసి బండి కొన్నాడా అంటే, లేదు. జీతానికి కుదిరాడా అంటే, కాగితం మీద అదీ కాదు. ఆ రెంటికీ మధ్యలో ఉన్న మూడో దారి పట్టాడు. అమెరికాలో భారీ వాహనాల లైసెన్సు చేతికొచ్చిన చాలామంది డ్రైవర్ల ముందుకు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది. కంపెనీ బండి మీద కంపెనీ మనిషిగా నడపడమా? లేక కంపెనీ దగ్గరే బండి లీజుకు తీసుకుని సొంత వ్యాపారం అనుకోవడమా?

ఈ ఆశ తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. క్లీనరుగా లారీ ఎక్కి, స్టీరింగు నేర్చుకుని, కొన్నేళ్లు జీతానికీ బత్తాకీ తిరిగి, చివరికి ఫైనాన్సులో ఒక పాత బండి తీసుకుని ఓనరనిపించుకున్న వాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఏ మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడినా కనిపిస్తారు. వాళ్ల బండికీ అప్పుంటుంది. కిస్తీలు తప్పితే ఫైనాన్సు వాళ్లు బండి సీజ్ చేసి పట్టుకుపోతారు. అయినా ఆర్‌సీలో పేరు మాత్రం ఓనరుదే. అప్పిచ్చినవాడికి ఆ బండి ఏ లోడు ఎత్తిందో పట్టదు. లోడిచ్చే ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు కిస్తీ ఎంతో తెలియదు. ఒకచోట కిరాయి గిట్టకపోతే పక్క ఆఫీసు మెట్లెక్కొచ్చు. అమెరికాలో కంపెనీ నడిపే లీజు ఎందుకింత వివాదమైందో అర్థం కావాలంటే ఈ తేడా పట్టుకోవాలి. అక్కడ బండి ఇచ్చేదీ, లోడు ఇచ్చేదీ, వారం చివర లెక్క కట్టి డబ్బు చేతిలో పెట్టేదీ ఒకే చెయ్యి.

అసలు 'లీజు' అన్న మాటే అక్కడి లారీ లోకంలో రెండు ఎదురు దిక్కులకు నడుస్తుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. సొంత బండి ఉన్న డ్రైవరు దాన్ని ఒక రవాణా కంపెనీకి లీజుకు ఇస్తాడు. రవాణా అనుమతి కంపెనీది, లోడ్లు కంపెనీవి, బండీ ఒంటి కష్టమూ ఆయనవి. కిరాయిలో వాటా మాట్లాడుకుంటారు. ఇది చాలా పాత పద్ధతి, లక్షలమంది దీని మీదే బతికారు. రెండో దిక్కులో బండి కంపెనీదే, లేదా కంపెనీకి చుట్టమైన లీజింగ్ సంస్థది. డ్రైవరు దాన్ని వారం అద్దెకు తీసుకుంటాడు. తీసుకున్న బండిని మళ్లీ అదే కంపెనీకి లీజుకు ఇస్తాడు. మూడు నాలుగేళ్లు వారం వారం కడుతూ పోయి, ఆఖర్న మిగిలిన మొత్తం కూడా చెల్లిస్తే బండి సొంతమవుతుందని ఒప్పందం. దీన్ని 'లీజ్ పర్చేజ్' అంటారు. అడ్వాన్సు అక్కర్లేదు, పాత అప్పుల చరిత్ర చూడం, ఈ రోజే తాళాలు ఇస్తాం అని ప్రకటనలు వస్తాయి. గొడవంతా ఈ రెండోదాని మీదే.

మొదట కంపెనీ డ్రైవరు సంగతి చూద్దాం. ఆయనకు చాలా చోట్ల నెల జీతం ఉండదు, మైలుకు ఇన్ని సెంట్లని ఇస్తారు. డీజిల్, టైర్లు, రిపేర్లు, ఇన్సూరెన్సు, టోల్ గేట్లు అన్నీ కంపెనీ భరిస్తుంది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2024 మే నాటికి భారీ ట్రక్కుల డ్రైవర్ల ఏడాది జీతాల్లో మధ్యస్థం 57,440 డాలర్లు. అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ. అమెరికాలో బతకడానికి ఇది ఆకలి జీతం కాదు, సుఖపడే జీతమూ కాదు.

పైగా ఆ జీతం వెనక ఉన్న కష్టం అంకెల్లో కనిపించదు. ఒకసారి బండెక్కితే రెండు మూడు వారాలు ఇంటి మొహం చూడని వాళ్లున్నారు. గోదాము దగ్గర సరుకు దించడానికి నాలుగు గంటలు నిలబెట్టినా చక్రం తిరగలేదు గనక చాలా కంపెనీల్లో ఆ గంటలకు పూర్తి డబ్బు రాదు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలని 1938లో చేసిన జాతీయ చట్టం రాష్ట్రాలు దాటి తిరిగే లారీ డ్రైవర్లకు వర్తించదు. దూర ప్రాంతాలకు లోడ్లు తోలే పెద్ద కంపెనీల్లో ఏడాదికి నూటికి తొంభై మందిదాకా మారిపోయిన కాలాలున్నాయంటే ఆ ఉద్యోగం మనిషిని ఎంత అలసిపోయేలా చేస్తుందో ఊహించుకోవచ్చు. లీజు ప్రకటన వచ్చి చెవిలో పడేది సరిగ్గా ఆ అలసటలోనే. 'నీకు నువ్వే యజమానివి' అన్న మాట ఆ వేళ చాలా తియ్యగా ఉంటుంది.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోవాలి. కింద వేసేది నమూనా లెక్క. ఏ ఒక్క కంపెనీదీ కాదు, రేట్లు ఒప్పందాన్ని బట్టి మారతాయి. లీజు డ్రైవరుకు డీజిల్ భత్యంతో కలిపి మైలుకు 1.80 డాలర్లు వస్తాయనుకుందాం. వారానికి 2,500 మైళ్లు నడిపితే 4,500 డాలర్లు. ఈ అంకె చూస్తే ఎవరికైనా కళ్లు మెరుస్తాయి, ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో ఉండేదీ ఇదే. గ్యాలనుకు ఆరున్నర మైళ్లు ఇచ్చే బండికి 385 గ్యాలన్ల డీజిల్ కావాలి. గ్యాలను 3.80 చొప్పున సుమారు 1,460 డాలర్లు అక్కడే పోతాయి. బండి అద్దె 900. మైలుకు పది సెంట్ల చొప్పున రిపేర్ల నిధికి 250. రకరకాల ఇన్సూరెన్సులకు 150. నంబరు ప్లేట్లు, పర్మిట్లు, గంటలు నమోదు చేసే పరికరం అద్దె కలిపి 100. టోల్ గేట్లకు 50. అన్నీ పోగా మిగిలేది దాదాపు 1,590. అదే దూరం మైలుకు 60 సెంట్ల మీద నడిపిన కంపెనీ డ్రైవరుకు 1,500.

తొంభై డాలర్లు ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ లెక్క ఇంకా పూర్తి కాలేదు. ఉద్యోగి జీతం నుంచి సామాజిక భద్రత, వృద్ధుల వైద్యం పన్నుల కింద 7.65 శాతం కోస్తారు, మరో 7.65 శాతం కంపెనీ తన జేబులోంచి కడుతుంది. సొంత వ్యాపారి కింద లెక్కకొచ్చే లీజు డ్రైవరు రెండు భాగాలూ, అంటే 15.3 శాతం, తానే కట్టుకోవాలి. రోజు భత్యం లాంటి మినహాయింపులు కొంత ఆదుకుంటాయి గానీ ఆ తొంభై డాలర్లు నిలవడం కష్టం. జబ్బు చేస్తే వైద్య బీమా తనదే. పనిలో నడుం విరిగితే కార్మిక నష్టపరిహారం లేదు, విడిగా కొనుక్కున్న పాలసీ ఎంత ఇస్తే అంత.

అసలు తేడా తెలిసేది నీరసంగా నడిచిన వారంలో. లోడ్లు లేక 1,500 మైళ్లే నడిచిందనుకుందాం. కంపెనీ డ్రైవరుకు 900 డాలర్లు వస్తాయి. లీజు డ్రైవరుకు వచ్చేది 2,700. అందులో డీజిల్‌కు 877 పోతుంది. రిపేర్ల నిధి 150కి, టోలు 30కి తగ్గుతాయి. అద్దె మాత్రం తగ్గదు, ఇన్సూరెన్సు తగ్గదు. చివరికి మిగిలేది 500 లోపు. ఇంజను చెడి బండి వారమంతా షెడ్డులో ఉంటే? అద్దె 900, ఇన్సూరెన్సు 150, మిగతావి 100. రాబడి సున్నా. వారం చివర వచ్చే చీటీలో 1,150 డాలర్లు బాకీ అని ఉంటుంది, రిపేరు బిల్లు దాని మీద వేరే. ఆ బాకీ తర్వాతి వారం కిరాయిలోంచి ముందే కోసుకుంటారు. పని చేసిన మనిషే కంపెనీకి బాకీ పడటం బయటివాళ్లకు నమ్మశక్యం కాదు. లీజు డ్రైవర్ల మధ్య అది మామూలు మాట.

మంచి వారం ఉండదని కాదు. 3,000 మైళ్లు దొరికితే ఇదే లెక్కలో లీజు డ్రైవరుకు 2,130 డాలర్ల పైచిలుకు మిగులుతుంది, కంపెనీ డ్రైవరుకు 1,800. కంపెనీలు చూపించే చీటీలు ఈ వారాలవే. అయితే ప్రతి వారం 3,000 మైళ్లు నడవడానికి చట్టం అడ్డం. పది గంటల విశ్రాంతి తర్వాత పద్నాలుగు గంటల వ్యవధిలో పదకొండు గంటలే నడపాలి, ఎనిమిది రోజుల్లో డ్యూటీ గంటలు 70 దాటకూడదు. 2017 డిసెంబరు నుంచి ఈ గంటల్ని చాలా బళ్లలో ఎలక్ట్రానిక్ పరికరమే నమోదు చేస్తోంది, చేత్తో రాసే పుస్తకంలో సర్దుబాటు చేసే రోజులు పోయాయి. సాయంత్రం గోదాము దగ్గర మూడు గంటలు పోతే ఆ రోజు మైళ్లు పోయినట్టే. కాబట్టి బండి అద్దె గిట్టుబాటు కావాలంటే ప్రతి లోడూ వేళకు దొరకాలి, ప్రతి గోదామూ వేళకు వదలాలి. ఈ రెండూ డ్రైవరు చేతిలో లేవు. మొదటిది ఎవరి చేతిలో ఉందో తెలుసు, ఆఫీసులో కూర్చుని లోడ్లు పంచే డిస్పాచర్ చేతిలో. ఆ డిస్పాచర్‌కు జీతమిచ్చేది బండి అద్దె తీసుకునే కంపెనీయే.

లోడు వద్దనే హక్కు లీజు డ్రైవరుకు ఉంటుందని ఒప్పందంలో రాసుంటుంది. తక్కువ రేటు లోడు ఒకటి వద్దన్న డ్రైవరుకు తర్వాతి లోడు మంగళవారం బదులు గురువారం వస్తే ఎవర్ని అడగాలి? వేరే కంపెనీ లోడు ఎత్తుకుంటానంటే లీజు ఒప్పుకోదు. కూర్చుంటే అద్దె మీద పడుతుంది. దాంతో వద్దనే హక్కు కాగితం మీద ఉంటుంది, బండి మాత్రం చెప్పిన చోటికి వెళుతుంది.

ఈ పరిస్థితి ఎప్పుడూ ఇలాగే లేదు. 1935లో వచ్చిన చట్టం లారీ రవాణాను కేంద్ర ప్రభుత్వ కమిషన్ అదుపులోకి తెచ్చింది. ఏ కంపెనీ ఏ దారిలో ఏ సరుకు తోలాలో, ఎంత రేటు తీసుకోవాలో నిర్ణయాలుండేవి. పోటీ తక్కువ, లాభం స్థిరం. ఆ లాభంలోంచి కార్మికుల వాటా లాగిన సంఘం టీమ్‌స్టర్స్. 1964లో జిమ్మీ హోఫా నాయకత్వంలో ఆ సంఘం దేశమంతటికీ ఒకే వేతన ఒప్పందం సాధించింది. నాలుగు లక్షలమందికి పైగా డ్రైవర్లు దాని కిందికి వచ్చారు. ఆ రోజుల్లో కంపెనీ డ్రైవరంటే ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కాలేజీకి పంపగల మనిషి. హోఫా మీద నేరారోపణలు, జైలు, చివరికి 1975లో మనిషే మాయమవడం వేరే కథ. కానీ ఆ ఒప్పందం ఇచ్చిన బతుకు నిజం.

1980 జులై 1న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ కొత్త చట్టం మీద సంతకం చేశాడు. రేట్ల మీదా దారుల మీదా అదుపు చాలావరకు పోయింది. వేల కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి, కిరాయిలు పడిపోయాయి, సరుకు చౌకగా చేరడం మొదలైంది. అమెరికా వాల్‌మార్టుల్లో వస్తువు చవకగా దొరకడం వెనక ఈ చట్టం కూడా ఉంది. ఆ చవకకు మూల్యం చెల్లించిన వాళ్లలో మొదటి వరసలో డ్రైవరున్నాడు. మైకేల్ బెల్జర్ అనే ఆర్థికవేత్త 2000లో రాసిన పుస్తకానికి 'స్వెట్‌షాప్స్ ఆన్ వీల్స్' అని పేరు పెట్టాడు. ఒళ్లు హూనం చేసే కార్ఖానా చక్రాలెక్కి తిరుగుతోందని దాని అర్థం. కిరాయి పోటీ పెరిగే కొద్దీ కంపెనీలకు ఒక ఉపాయం తోచింది. లోడ్లు లేని వారంలో బండి ఖాళీగా నిలబడితే వచ్చే నష్టాన్ని తాము భరించకుండా డ్రైవరు మీదికి జరపడం ఎలా? లీజు దానికి జవాబు.

దీన్ని స్వయంగా లారీ నడిపి చూసినవాడు స్టీవ్ విసెల్లీ. సామాజిక శాస్త్రవేత్త. పరిశోధన కోసం శిక్షణ తీసుకుని కొన్ని నెలలు దూరప్రాంత డ్రైవరుగా పనిచేశాడు, తర్వాత ఎంతోమంది డ్రైవర్లతో మాట్లాడాడు. 2016లో 'ద బిగ్ రిగ్' అనే పుస్తకం రాశాడు. కొత్త డ్రైవర్లకు లెక్కలు తెలియకముందే వాళ్లను లీజు వైపు మళ్లించే ఏర్పాటు పరిశ్రమలో ఎలా పెరిగిందో అందులో వివరించాడు. ట్రక్ స్టాపుల్లో ఉచితంగా పంచే పత్రికలు, నియామక ఏజెంట్లు, లీజు తీసుకుని గెలిచానని చెప్పే డ్రైవర్లు, అందరూ ఒకే పాట పాడతారు. ఆయన చూసిన మేరకు, లీజు డ్రైవర్లు ఉద్యోగుల కంటే ఎక్కువ గంటలు కష్టపడుతున్నారు, గంటకు లెక్కేస్తే చేతికొచ్చేది మాత్రం ఎక్కువ కాదు.

రేవు కథకు మళ్లీ వద్దాం, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలైన పని పేదవాడి మీద ఎలా విరిగిపడుతుందో అక్కడ కనిపిస్తుంది. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ రేవులు పక్కపక్కనే ఉంటాయి. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ కంటైనర్లు దిగేది అక్కడే. పాత డీజిల్ లారీల పొగతో చుట్టుపక్కల పిల్లలకు ఉబ్బసం వస్తోందని ఏళ్ల తరబడి ఆందోళన జరిగింది. 2008 అక్టోబరు 1 నుంచి రేవులు పాత బళ్లను దశలవారీగా నిషేధించాయి. 2012 వచ్చేసరికి 2007 నాటి కాలుష్య ప్రమాణాలు అందుకోని ఇంజను గేటు దాటడానికి వీల్లేదు. గాలి నిజంగానే శుభ్రపడింది. కానీ లక్ష డాలర్ల పైబడిన కొత్త బళ్లు కొనేదెవరు? కంపెనీలే కొనాలి, డ్రైవర్లను ఉద్యోగులుగా పెట్టుకోవాలి అని లాస్ ఏంజెలెస్ రేవు నిబంధన రాసింది. లారీ కంపెనీల జాతీయ సంఘం కోర్టుకెక్కింది. 2011లో అప్పీలు కోర్టు ఆ ఉద్యోగ నిబంధనను కొట్టేసింది. కొత్త బండి ఉండాలన్న షరతు నిలిచింది, కంపెనీయే భరించాలన్న షరతు పోయింది. అప్పటిదాకా పాత బండి సొంతంగా నడుపుకుంటున్న వాళ్లు, వాళ్లలో చాలామంది ఇంగ్లీషు సరిగా చదవలేని వలసవాళ్లు, లీజు కాగితాల మీద సంతకాలు పెట్టారు. మొదట్లో చెప్పిన 67 సెంట్ల డ్రైవరు నడిపిందీ అలాంటి లీజు బండే.

దూరప్రాంత రవాణాలోనూ వ్యవహారం కోర్టులకెక్కింది. ప్రైమ్ అనే పెద్ద కంపెనీ మీద డొమినిక్ ఒలివెయిరా అనే డ్రైవరు 2015లో కేసు వేశాడు. అప్రెంటిసుగా జీతం లేకుండా పది వేల మైళ్లు, ఆ తర్వాత గంటకు దాదాపు నాలుగు డాలర్ల చొప్పున ముప్పై వేల మైళ్లు నడిపానన్నాడు. అప్పుడు కాంట్రాక్టరుగా మారితే ఎక్కువ సంపాదించుకోవచ్చని లీజు వైపు పంపారనీ, కోతలు పోగా కొన్ని వారాలు తానే బాకీ తేలాననీ చెప్పాడు. తర్వాత మళ్లీ అదే కంపెనీలో ఉద్యోగిగా చేరాడు. చేసే పనిలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నది ఆయన వాదన. కోర్టుకు రాకూడదు, ప్రైవేటు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి అని ఒప్పందంలో ఉందని కంపెనీ అడ్డుపడింది. 2019 జనవరి 15న సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో డ్రైవరు పక్షాన తీర్పిచ్చింది. ఉద్యోగి అని పిలిచినా, కాంట్రాక్టరు అని పిలిచినా రవాణా కార్మికుడు కార్మికుడే, 1925 నాటి చట్టం అతన్ని బలవంతంగా మధ్యవర్తి దగ్గరికి పంపనివ్వదు అంది. మరుసటి ఏడాది 2.8 కోట్ల డాలర్లకు ఆ వివాదం రాజీ అయింది.

అంతకంటే పెద్దది స్విఫ్ట్ కంపెనీ కేసు. 2009లో మొదలైంది. అనుబంధ సంస్థ దగ్గర బళ్లు లీజుకు తీసుకుని స్విఫ్ట్‌కే నడిపిన డ్రైవర్లు కాంట్రాక్టర్లు కారు, ఉద్యోగులేనని 2017లో అరిజోనాలోని ఫెడరల్ కోర్టు తేల్చింది. చివరికి పది కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. ఇరవై వేలమంది దాకా డ్రైవర్లు పంచుకోవాలి. లాయర్ల ఖర్చులు తీయకముందే మనిషికి సగటున ఐదు వేల డాలర్లు. పదేళ్లు ఎదురు చూసిన వాళ్లకు అది ఊరట, పోయిన ఏళ్లకు పరిహారం మాత్రం కాదు.

చట్టం పూర్తిగా నిద్రపోలేదు. లీజు ఒప్పందాల్లో ఏం రాయాలో చెప్పే కేంద్ర నిబంధనలు దశాబ్దాలుగా ఉన్నాయి. లోడు చేర్చిన కాగితాలు ఇచ్చాక పదిహేను రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఏమేమి కోస్తారో ముందే రాయాలి. కిరాయిలో శాతం మీద ఒప్పందమైతే అసలు బిల్లు చూపించాలి. డిపాజిట్ల మీద వడ్డీ ఇవ్వాలి, లీజు ముగిశాక 45 రోజుల్లో తిరిగివ్వాలి. తమ దగ్గరే ఏదో కొనాలని షరతు పెట్టకూడదు. అన్నీ మంచి నిబంధనలే. వాటిని అమలు చేయించుకోవాలంటే సాధారణంగా డ్రైవరే లాయరును పెట్టుకుని కోర్టుకు వెళ్లాలి. వారానికి 500 డాలర్లు మిగిలిన మనిషి ఆ పని చేయలేడని నిబంధనలు రాసినవాళ్లు ఆలోచించి ఉండాల్సింది.

2021 మౌలిక వసతుల చట్టంలో ఒక చిన్న సెక్షను ఈ విషయం మీద ప్రత్యేక బృందాన్ని వేయమంది. డ్రైవర్లు, కంపెనీల తరఫువాళ్లు, లాయర్లు అందులో కూర్చుని లీజు కాగితాలు తిరగేశారు, సాక్ష్యాలు విన్నారు. 2025 జనవరిలో నివేదిక వచ్చింది. అలాంటి బృందాలు మామూలుగా 'మరింత పారదర్శకత' కావాలని రాసి ఊరుకుంటాయి. ఈ బృందం అలా చేయలేదు. కంపెనీలు నడిపే లీజ్ పర్చేజ్ పథకాల్లో బండి నిజంగా సొంతం చేసుకునేవాళ్లు అతి కొద్దిమందేననీ, ఈ పథకాలను బాగుచేయడం కుదరదనీ, అమెరికా కాంగ్రెస్ వాటిని నిషేధించాలనీ రాసింది. రోడ్డు భద్రతకూ దీనికీ ఉన్న లింకు కూడా చూపింది. అద్దె తరుముతుంటే కళ్లు మూతలు పడుతున్నా డ్రైవరు బండి ఆపడు. 80 వేల పౌండ్ల దాకా బరువుండే ఆ బండి పక్కన కారులో వెళుతున్న కుటుంబానికి డ్రైవరు లీజు ఒప్పందంతో సంబంధం ఉంది, వాళ్లకు తెలియకపోయినా.

మరి లీజులో గెలిచినవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్ల కథల్లో కొన్ని పోలికలు కనిపిస్తాయి. చాలామంది అంతకుముందు కొన్నేళ్లు కంపెనీ డ్రైవరుగా నడిపారు. ఏ ఊళ్లో ఏ గోదాము ఆలస్యం చేస్తుందో, ఏ రుతువులో ఏ సరుకు కదులుతుందో తెలుసు. చిన్న రిపేర్లు తామే చేసుకుంటారు. రెండు మూడు నెలలు బండి ఆగినా ఇల్లు గడిచే డబ్బు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టారు. పెళ్లాం పిల్లలు లేని వయసులోనో, పిల్లలు స్థిరపడిన వయసులోనో దిగారు. కాలం కూడా కలిసొచ్చింది. 2021లో సరుకు రవాణాకు గిరాకీ విపరీతంగా పెరిగి రేట్లు ఎగిసినప్పుడు దిగినవాళ్లు నాలుగు డబ్బులు చూశారు. అదే ఉత్సాహంతో 2022లో సంతకం పెట్టినవాళ్లకు ఆ ఏడాదిలోనే కిరాయిలు కూలాయి. ఆ జూన్‌లో డీజిల్ సగటు ధర గ్యాలనుకు 5.81 డాలర్ల రికార్డుకు చేరింది. బండి ఖరీదెక్కువగా ఉన్న రోజుల్లో కుదిరిన అద్దె మాత్రం అలాగే ఉంది.

పెద్ద కంపెనీలకే బండి నడపడం ఎంత ఖర్చో చూస్తే ఒంటరి డ్రైవరు దేనితో తలపడుతున్నాడో తెలుస్తుంది. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 2023లో డ్రైవరు జీతంతో సహా మైలుకు 2.27 డాలర్లు ఖర్చయింది. వేల బళ్లున్న కంపెనీ డీజిల్ తగ్గింపు ధరకు కొంటుంది, టైర్లు టోకున కొంటుంది, సొంత షెడ్డులో రిపేరు చేసుకుంటుంది. ఒక్క బండివాడికి హైవే పక్కన అర్ధరాత్రి టైరు పేలితే దొరికిన ధరే ధర.

కాబట్టి కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు మొదటి రెండు మూడేళ్లు కంపెనీ డ్రైవరుగా ఉండటమే మంచిది. ఇందులో సందేహానికి తావు కనిపించదు. తప్పులు చేయడానికి అది చవకైన కాలం, వెనక్కి తీసుకుంటూ మూల కొట్టిన బంపరు ఖరీదు కంపెనీదే. ఆ తర్వాత కూడా సొంత బండి కోరిక చావకపోతే లీజు కాగితం మీద సంతకానికి ముందు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ఈ కంపెనీ లోడు ఇవ్వకపోతే ఇదే బండితో రేపు ఇంకో కంపెనీకి నడపొచ్చా? నడపకూడదంటే అది అద్దె బండి, చేసేది ఉద్యోగం, నష్టం మాత్రం తనది. సొంత బండితో నిలదొక్కుకున్నవాళ్లలో చాలామంది చేసింది వేరు. జీతంలోంచి కూడబెట్టి, బ్యాంకులోనో రుణ సంఘంలోనో అప్పు తీసుకుని, ఐదారేళ్లు తిరిగిన బండి తన పేరు మీద కొన్నారు. వడ్డీ కట్టారు, రిపేర్లు భరించారు, నష్టపోయిన వారాలూ ఉన్నాయి. తర్వాతే ఆ బండిని ఏదో ఒక కంపెనీకి లీజుకు ఇచ్చారు.

అలా ఇచ్చిన బండి తలుపు మీద కంపెనీ పేరూ, దాని రిజిస్ట్రేషన్ నంబరూ అంటించి ఉంటాయి. నిబంధనల ప్రకారం లీజు ముగిశాక వాటిని తీసి కంపెనీకి అప్పగించాలి. లోడ్లు సరిగా రాని కంపెనీ యార్డులో ఆ డ్రైవరు గోరుతో స్టిక్కరు అంచు పైకి లేపి, మెల్లగా ఒలిచి, ఆఫీసు కిటికీలోంచి లోపలికి అందిస్తాడు. బండి తాళాలు మాత్రం జేబులోనే ఉంటాయి. కంపెనీ దగ్గర లీజుకు తీసుకున్న పక్క బండి డ్రైవరు స్టిక్కరు ముట్టుకోడు, తాళాలు ఇచ్చేసి బస్టాండు ఎటో కనుక్కుంటాడు.